ముక్కున్న రెక్కల పురుగులు, వాటి చుట్టాలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

రెండు నెలల కింద ఈ శీర్షికలో వరి మొగి పురుగు, అంటే కాండం తొలుచు పురుగు, గురించి రాస్తూ "ఇది క్రాంబిడే కుటుంబం, పాత పుస్తకాల్లో పైరాలిడే అని ఉంటుంది" అని ఒక్క లైన్ రాసి వదిలేశాను. ఈ రెండు కుటుంబాల రెక్కల పురుగులకీ ముఖం ముందు ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది, అందుకే వీటిని ముక్కున్న పురుగులు అన్నాను. ఆ ఒక్క లైన్ మీదే ఇన్ని ప్రశ్నలొచ్చాయి, అందుకని ఈసారి జాగా మొత్తం వాటికే. ఒకేలాంటివి కలిపేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: నేను అగ్రికల్చర్ బీఎస్సీ రెండో సంవత్సరం. మా నాన్నగారు కూడా ఇదే కోర్సు 1980 ముందు చదివారు. ఆయన రికార్డులో వరి కాండం తొలుచు పురుగు బొమ్మ కింద "ట్రైపోరైజా ఇన్సెర్టులస్, పైరాలిడే" అని ఉంది. మా మేడమ్ "స్కిర్పోఫాగా ఇన్సెర్టులస్, క్రాంబిడే" అని చెప్పారు. నాన్నగారు తప్పు నేర్చుకున్నారా? ఒకే పురుగుకి ఇన్ని పేర్లెందుకు? (ఒక విద్యార్థిని, తెనాలి)

జవాబు: చూడమ్మా, పరీక్షలో మీ మేడమ్ చెప్పిందే రాయి. నాన్నగారిది తప్పు అని మాత్రం అనకు, ఆయన చదివిన రోజుల్లో మన కాలేజీలన్నిట్లో అదే చెప్పేవాళ్ళు. ఆ రికార్డు పారేయకుండా దాచిపెట్టుకో, ఎందుకంటే ఈ పురుగు మీద పాత పేపర్లు వెతకాలంటే పాత పేరుతోనే దొరుకుతాయి. పురుగు అప్పుడూ అదే ఇప్పుడూ అదే. మారింది పేరొకటి, కుటుంబమొకటి, రెండూ వేరు వేరు కారణాల వల్ల మారాయి, అందుకే విడివిడిగా చెప్తా.

పేరు సంగతి ముందు. శాస్త్రీయ నామం అచ్చం మన తెలుగువాళ్ళ పేర్లలాగే ఉంటుంది, ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఇందులో స్కిర్పోఫాగా అనేది ఇంటిపేరు (దీన్నే ప్రజాతి అంటారు), ఇన్సెర్టులస్ అనేది అసలు పేరు. 1863లో ఫ్రాన్సిస్ వాకర్ దీన్ని మొదటిసారి వర్ణించినప్పుడు కైలో అనే ప్రజాతిలో పెట్టాడు, అంటే పుట్టినప్పటి పేరు కైలో ఇన్సెర్టులస్. తర్వాత ఒకరు ఒక ఇంట్లో, ఇంకొకరు ఇంకో ఇంట్లో కలిపారు, షోనోబియస్ అన్నారు, ట్రైపోరైజా అన్నారు, చివరికి 1981లో లెవ్వానిచ్ అనే కీటక శాస్త్రవేత్త స్కిర్పోఫాగా ప్రజాతి మొత్తాన్ని మళ్ళీ మొదట్నుంచీ పరిశీలించి ట్రైపోరైజా అనే ఇల్లు విడిగా అక్కర్లేదు, అవన్నీ స్కిర్పోఫాగాలోకే వస్తాయి అని తేల్చారు. ఇన్ని ఇళ్ళు మారినా "ఇన్సెర్టులస్" అన్న పేరు మాత్రం పోలేదు చూడు, రూల్ అదే, ఇల్లు మారినా అసలు పేరు వెంట వస్తుంది.

దీన్ని పుస్తకంలో చూడగానే పట్టుకోడానికి ఒక గుర్తుంది, క్లాసులో ఎవరూ ఆగి చెప్పరు. పేరు చివర వాకర్ అని బ్రాకెట్లో ఉంటుంది. బ్రాకెట్ ఉందంటే, ఆయన పెట్టిన ప్రజాతిలోంచి దీన్ని తర్వాత వేరే దాంట్లోకి మార్చారు అని అర్థం. వంకాయలో కొమ్మ, కాయ తొలిచే పురుగు లూసినోడెస్ ఆర్బొనాలిస్ చూడు, చివర దానికి పేరు పెట్టిన గెనే పేరు ఉంటుంది, బ్రాకెట్ ఉండదు. 1854లో ఆయన ఏ ప్రజాతిలో పెట్టాడో ఇప్పటికీ అక్కడే ఉంది. అదే గెనే అదే 1854లో పేరు పెట్టిన వరి ఆకుముడత పురుగుకి మాత్రం బ్రాకెట్ ఉంటుంది, ఎందుకంటే అది సాల్బియా నుంచి నఫలోక్రోసిస్ లోకి వచ్చింది. పరీక్షలో ఆ బ్రాకెట్ మర్చిపోతే మార్కు పోతుంది, పెట్టకూడని చోట పెట్టినా పోతుంది.

ఇక కుటుంబం, అసలు కథ ఇక్కడుంది. ఈ రెండు కుటుంబాల పేర్లూ కొత్తవి కావు, పైరాలిడే 1809లోదీ, క్రాంబిడే 1810లోదీ, రెండూ ఫ్రాన్స్‌కి చెందిన లాత్రెయ్ పెట్టినవే. (పైరాలిస్ అంటే గ్రీకులో నిప్పుకి సంబంధించిన మాట, సైప్రస్ రాగి కొలిముల మంటల్లో బతికే పురుగు ఒకటుందని పాతకాలం వాళ్ళు నమ్మేవాళ్ళు, ఆ పేరు తెచ్చి మన పిండి పురుగుల చుట్టాలకి పెట్టారు.) కానీ తర్వాత వచ్చినవాళ్ళు క్రాంబిడేని కిందికి దించి పైరాలిడేలో ఒక ఉపకుటుంబం చేసేశారు. మన దేశం రెక్కల పురుగుల మీద హాంప్సన్ రాసిన పెద్ద గ్రంథం నాలుగో భాగం 1896లో వచ్చింది, అందులో ఇవన్నీ ఒకే పైరాలిడే. మన దగ్గర తరతరాలుగా ఆ గ్రంథమే ఆధారం కాబట్టి మన పాఠ్యపుస్తకాలూ అదే పట్టుకున్నాయి. అప్పుడు మనవాళ్ళొక్కళ్ళే కాదు, ఉత్తర అమెరికాలో 1970ల్లో మన్రో అనే కీటక శాస్త్రవేత్త కూడా ఒకే కుటుంబంగా ఉంచే రాశాడు. మీ నాన్నగారు చదివింది సరిగ్గా ఆ కాలంలో.

1980ల మొదట్లో ఫ్రాన్స్‌లో జోయెల్ మినె అనే ఆయన వీటి చెవులు పట్టుకుని కూర్చున్నాడు. అవును, వీటికి చెవులున్నాయి, తలమీద కాదు, పొట్ట మొదట్లో, రెండో ఖండం కింద వైపు. ఆ చెవి నిర్మాణం చూస్తే ఇవి స్పష్టంగా రెండు గుంపులుగా విడిపోతున్నాయని చెప్పి క్రాంబిడేని మళ్ళీ విడి కుటుంబంగా నిలబెట్టాడు. 1990ల చివర్లో మన్రోయే ఆల్మా సోలిస్‌తో కలిసి రాసిన అధ్యాయంలో రెండు కుటుంబాలుగా రాశాడు. అంత అనుభవం ఉన్న మనిషి తన పాత అభిప్రాయాన్ని పక్కన పెట్టి కొత్త ఆధారాన్ని ఒప్పుకోవడం నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన విషయం. 2012లో డీఎన్ఏ చూసినప్పుడు కూడా ఈ రెండు కుటుంబాలూ రెండు కొమ్మలుగానే వచ్చాయి. రెండిటినీ కలిపి పైరాలోయిడియా అనే మహాకుటుంబం అంటారు. దాదాపు 16,000 జాతులకి పేర్లున్నాయి, అంటే ప్రపంచంలో పేరున్న సీతాకోకచిలుకలూ రెక్కల పురుగులూ అన్నీ కలిపి ఇంచుమించు పదింట ఒకటి ఈ ఇంటిదే. అందులో పెద్ద వాటా క్రాంబిడేది.

ఆ చెవి ఎలా ఉంటుందో నీ కళ్ళతో నువ్వు చూడాలి, పుస్తకంలో బొమ్మ చూసి లాభం లేదు. నేను మొదటిసారి చూసింది ఎండిపోయిన ఆకుముడత పురుగులో. పొట్టని జాగ్రత్తగా విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేసి, సన్న బ్రష్‌తో పొలుసులు తోసేసి మైక్రోస్కోప్ కింద పెడితే, పొట్ట ముందు అంచులో పక్కపక్కన రెండు చిన్న చిప్పలు, వాటి మీద ఉల్లిపొర కంటే పల్చటి పొర మెరుస్తూ కనిపించింది. క్రాంబిడేలో ఆ చిప్పలు ముందువైపు తెరుచుకుని ఉంటాయి, పొర దగ్గర ఒక మడత, కోణంలాగా విరిగి ఉంటుంది, రెండు చెవుల మధ్య పొలుసులున్న ఒక చిన్న నాలుకలాంటిది ముందుకి వేలాడుతుంది. దాన్ని ప్రీసింక్టోరియం అంటారు. పైరాలిడేలో ఆ నాలుక ఉండదు, చిప్ప ముందువైపు మూసుకుపోయి ఉంటుంది, పొర ఒకే సమతలంలో ఉంటుంది. ల్యాబ్‌లో మేడమ్‌ని అడిగి ఒక్కసారి చేయి. అది చూశాక రెండు కుటుంబాల తేడా బట్టీ పట్టక్కర్లేదు.

చెవి చూసే వీల్లేకపోతే రెక్క ఈనెలు చూడొచ్చు. ముందు రెక్కలో రేడియల్ ఈనె ఐదో కొమ్మ మిగతావాటితో కాడలా కలిసిపోయి ఉంటే పైరాలిడే, విడిగా ఉంటే క్రాంబిడే. రెక్కలు రాని పిల్ల పురుగు దశలోనే దొరికిందనుకో, పొట్ట ఎనిమిదో ఖండంలో పక్కనున్న ఒక వెంట్రుక మొదట్లో గట్టి ఉంగరంలాంటిది పైరాలిడేలో చాలావాటికి ఉంటుంది, క్రాంబిడేలో ఉండదు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా, ఇది నీకు నచ్చుతుంది. వరి పొలంలో మొగి పురుగు, ఆకుముడత పురుగు, గొట్టాల పురుగు మూడూ క్రాంబిడేనే, కానీ మూడు వేరు వేరు ఉపకుటుంబాలు. నీళ్ళ మీద ఆకు ముక్కని గొట్టంలా చుట్టుకుని తేలుతూ తిరిగే ఆ గొట్టాల పురుగుకి ఒంటి పక్కల మొప్పల్లాంటి పోగులుంటాయి, నీళ్ళలో ఊపిరి పీల్చుకోడానికి. డీఎన్ఏ చూస్తే ఈ నీటి పురుగుకి దగ్గర చుట్టం ఆకుముడత కాదు, మొగి పురుగు. ఆకుముడత దూరపు కొమ్మలో, వంకాయ పురుగుతోనూ కందిలో వచ్చే మారుకా పురుగుతోనూ కలిసి ఉంటుంది. ఒకే పొలంలో పక్కపక్కన ఆకులు తిన్నంత మాత్రాన దగ్గరి చుట్టాలు కానక్కర్లేదు.

ప్రశ్న: యాసంగి వరిల తెల్లకంకులు మస్తు వచ్చినయి. మొగి పురుగు లింగాకర్షక బుట్టలు ఎకరానికి నాలుగు పెట్టిన, ఒక్క రెక్కల పురుగు గూడ వడలే. ఎర మంచిది కాదా, లేకుంటే ఈ కుటుంబాల మార్పుల వల్ల ఎర గూడ మారిందా? (ఒక రైతు, జగిత్యాల జిల్లా)

జవాబు: అన్నా, కాగితం మీద కుటుంబం మారినంత మాత్రాన పురుగు వాసన మారదు, ఆ భయం వద్దు. ఆడ పసుపు మొగి పురుగు వదిలే వాసన రెండు రసాయనాల కలయిక, మూడు పాళ్ళు ఒకటి, ఒక పాలు ఇంకొకటి, ఎరలో అదే పోస్తారు, దానికి ఆ జాతి మగవి మాత్రమే వస్తాయి. మీ ప్రశ్నలో అసలు విషయం ఇక్కడుంది. మీ పొలంలో ఉన్నది ఆ పురుగేనా?

తెల్లకంకి ఒకటి పట్టుకుని మెల్లగా పైకి లాగండి. సులువుగా ఊడొచ్చి, కింద కొస కొరికినట్టుంటే లోపల పురుగు పని. ఊడి రాకుండా, కంకి మెడ దగ్గర నల్లబడి విరిగినట్టుంటే అది పురుగే కాదు, మెడవిరుపు తెగులు, దానికి బుట్టలు పెట్టి లాభం లేదు. ఊడొచ్చిందనుకోండి, ఆ పిలకని గోటితో నిలువునా చీల్చండి. లోపల లేత పసుపు పురుగు, ఒక పిలకలో ఒక్కటే ఉంటే అది స్కిర్పోఫాగా, మీ ఎర దానిదే. అలా కాకుండా ఒళ్ళంతా గులాబీ రంగులో ఉంటే అది గులాబీ కాండం తొలుచు పురుగు, సెసామియా. అది క్రాంబిడే కాదు, నాక్టుయిడే అనే వేరే కుటుంబం, కత్తెర పురుగుకీ శనగపచ్చ పురుగుకీ చుట్టం. నష్టం రెండూ ఒకేలాగ చేస్తాయి, మొవ్వు చంపుతాయి, తెల్లకంకి తెస్తాయి, కానీ గులాబీ దానికి మీ ఎర వాసన అసలు పట్టదు. గుడ్లు కూడా వేరే తీరు. పసుపు మొగి పురుగు ఆకు కొసన గుంపుగా పెట్టి, తన ఒంటి మీది గోధుమరంగు నూగుతో కప్పేస్తుంది, దూరం నుంచి చూస్తే ఆకుకి ఉన్ని ముక్క అంటుకున్నట్టు ఉంటుంది. గులాబీది ఆకు తొడిమ లోపల దాచి పెడుతుంది, పైకి కనపడదు.

పసుపుదే అయ్యుండి కూడా బుట్టలో పడలేదంటే రెండు అనుమానాలు. ఎర పాతబడి ఉండొచ్చు, నెల లోపే మార్చాలి. లేదా బుట్టలు ఆలస్యంగా పెట్టి ఉంటారు. తెల్లకంకి కనపడే రోజుకి తల్లి పురుగులు వచ్చి గుడ్లు పెట్టి పోయి చాలా రోజులై ఉంటుంది. ఈ పైరుకి ఇప్పుడు మందు కొట్టి డబ్బులు పోగొట్టుకోకండి, తెల్లబడిన కంకి మళ్ళీ గింజ కట్టదు. వచ్చే పైరుకి నారు పీకినప్పుడు కొనలు తుంచి నాటండి, ఆ కొనల మీదున్న గుడ్లు అక్కడే పోతాయి. పిలకలు వేసే దశలోనే బుట్టలు కట్టండి. ట్రైకో కార్డులు (పురుగు గుడ్ల మీదికి వదిలే ట్రైకోగ్రామా కందిరీగల కార్డులు) దొరికితే మొగి పురుగుకి జపోనికం, ఆకుముడతకి కైలోనిస్ అని జాతి పేరు చెప్పి అడిగి తీసుకోండి, రెండూ ఒకటి కాదు.

ఆ ట్రైకో కార్డు మీద అంటించి ఉండే సన్న గుడ్లు దేనివో తెలుసా? బియ్యం పిండిలో గూళ్ళు కట్టే కార్సిరా అనే రెక్కల పురుగువి. అది పైరాలిడే. ల్యాబుల్లో జొన్న నూకలో దాన్ని పెంచి, దాని గుడ్లలో ట్రైకోగ్రామా కందిరీగల్ని పెంచి, ఆ కందిరీగల్ని తెచ్చి మీ పొలంలో క్రాంబిడే గుడ్ల మీదికి వదులుతారు. పిండి డబ్బా పురుగు వరి పురుగు మీదికి ఇలా పనికొస్తోంది.

ప్రశ్న: బొంబాయి రవ్వ డబ్బాలో గూళ్ళు గూళ్ళుగా ఉండలు కట్టి, మూత తీస్తే బూడిదరంగు రెక్కల పురుగులు లేస్తున్నాయి. మా అత్తయ్యగారు ఇవి ముక్కు పురుగులు అంటారు. మీరు కూడా వీటిని ముక్కున్న పురుగులు అన్నారు. రెండూ ఒకటేనా? (ఒక గృహిణి, విజయవాడ)

జవాబు: ఒకటి కాదండి, కానీ అత్తయ్యగారిని తప్పు పట్టలేం, పేరు అలా కలిసింది. మనం తరతరాలుగా ముక్కు పురుగు అనేది బియ్యంలో ఉండే చిన్న నల్లటి గట్టి పెంకు పురుగుని. దాని ముక్కు నిజానికి సాగిన తల, ఆ ముక్కు చివర దవడలుంటాయి, వాటితోనే గింజకి బెజ్జం పెడుతుంది. మీ రవ్వలోది కార్సిరా, బియ్యపు రెక్కల పురుగు. దీనికి ముందుకి పొడుచుకొచ్చేది ముక్కు కాదు, పెదవి పక్కనుండే రెండు స్పర్శాంగాలు, పొలుసులతో కప్పుకుని ముందుకి కలిసి ముక్కులా కనిపిస్తాయి. వాటితో వాసన పట్టగలదు, కొరకలేదు. కార్సిరాలో ఇంకో విచిత్రం, ఆడదానికే అవి పొడుగ్గా ఉంటాయి, మగదానికి పొట్టి. భూతద్దం ఉంటే చూడండి, గోడ మీద వాలినప్పుడు రెక్కలు ఒంటికి చుట్టుకుని కూర్చుంటుంది, ముందు నుంచి చూస్తే తెలిసిపోతుంది.

తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల పురుగు, ఆ గూళ్ళూ పట్టుదారాలూ దాని పనే. జల్లెడ పట్టి వాడదాం అనుకోకండి, దారాలూ రెట్టలూ పోవు, ఆ డబ్బా ఖాళీ చేసేయండి. ఇల్లంతా మందు కొట్టక్కర్లేదు. అల్మరా మూలలు, డబ్బా మూతల మరలు, పాత పేపర్ కింద ఒకసారి చూసి తుడవండి, గూడు కట్టుకునేది అక్కడే. కొత్త రవ్వ వేయించి చల్లార్చి పోసుకుంటే మీ అత్తయ్యగారి పాత పద్ధతే మంచిది, ఆ వేడికి గుడ్లు బతకవు.

ఇదే ప్రశ్న న్యూజెర్సీ నుంచి ఇంకొకరు వేరేగా అడిగారు. వాళ్ళ వంటింట్లో పట్టిన రెక్కల పురుగుని "ఇండియన్ మీల్ మాత్" అంటారట, పక్కింటివాళ్ళు ఇది మీ ఇండియన్ కిరాణా సామాన్లతో వచ్చింది, పేరులోనే ఉంది అన్నారట, బాధపడుతూ రాశారు. బాధపడకండి, ఆ పేరులో ఉన్న ఇండియన్ మనం కాదు. అమెరికాలో అప్పట్లో మొక్కజొన్న పిండిని ఇండియన్ మీల్ అనేవాళ్ళు, అక్కడి మూలవాసుల తిండి కాబట్టి. 1856లో న్యూయార్క్ రాష్ట్ర కీటక శాస్త్రవేత్త ఏసా ఫిచ్ ఆ పిండిలో దొరికిందని దీనికి ఆ పేరు వాడాడు. శాస్త్రీయ నామం ప్లోడియా ఇంటర్పంక్టెల్లా, హ్యూబ్నర్ అంతకుముందే 1813లో యూరప్‌లో పెట్టిన పేరు. ఇది కూడా పైరాలిడేనే, కార్సిరాకి చుట్టం కానీ వేరే ఉపకుటుంబం. గుర్తుపట్టడం తేలిక, ముందు రెక్క మొదటి భాగం లేత బూడిదరంగు, మిగతాదంతా రాగిరంగు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. కొత్త పప్పులూ పిండీ వారం పాటు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీసుకుంటే సరి.

చాలామంది కొండగుర్తు అడిగారు కాబట్టి ఇక్కడే చెప్తా. డబ్బాలో, గోదాములో, తేనెపట్టులో దొరికితే ఎక్కువగా పైరాలిడే. పచ్చని పైరు మీద దొరికితే ఎక్కువగా క్రాంబిడే. వరి మొగి, జొన్న కాండం తొలుచు పురుగు, చెరకు పీక పురుగు, కంది మారుకా, ఆముదం కాయలూ పసుపు దుబ్బులూ తొలిచే ఆ పసుపురంగు నల్లచుక్కల రెక్కల పురుగు, ఇవన్నీ క్రాంబిడే. కానీ దీన్ని దాటరాని గీతలా పట్టుకోకండి, మామిడి ఆకుల్ని గూడులా అల్లేసే పురుగు పైరాలిడే. వంకాయ మొక్క చూడండి, కాయలో దూరేది క్రాంబిడే, అదే మొక్క కాండం మొదట్లో దూరే యూజోఫెరా పైరాలిడే.

ప్రశ్న: పత్తిలో గులాబీ రంగు పురుగు, మొక్కజొన్నలో కత్తెర పురుగు కూడా ఈ కుటుంబమేనా? (ఆదిలాబాద్, ఖమ్మం, కర్నూలు నుంచి)

జవాబు: కాదు, రెండూ కాదు. పత్తి గులాబీ రంగు పురుగు జెలికిడే, దాని పెదవి స్పర్శాంగాలు ముందుకి కాదు, కొడవలిలా పైకి వంగి ఉంటాయి. కత్తెర పురుగు నాక్టుయిడే, పైన చెప్పిన గులాబీ కాండం తొలుచు పురుగు ఇంటిది. మొక్కజొన్నలో క్రాంబిడే ఏదంటే కైలో పార్టెల్లస్, కాండం తొలుచు పురుగు. సుడిలో ఉండగా తిన్న ఆకు విచ్చుకున్నాక వరసగా సూదితో గుచ్చినట్టు బెజ్జాలుంటే ఇది, పెద్ద పెద్ద చిరుగులూ సుడి నిండా తడి రంపపు పొట్టులాంటి రెట్టా ఉంటే కత్తెర.

ప్రశ్న: నేను సైన్స్ టీచర్‌ని. మా స్కూల్లో ఏడో తరగతి పిల్లాడు ఒకడు, రాత్రి వరండా లైటు దగ్గర తాళాల గుత్తి ఊపితే కొన్ని పురుగులు టప్‌మని కింద పడిపోతున్నాయి సార్ అన్నాడు. నేను నమ్మలేదు, వెళ్ళి చూశాను, నిజమే. గాలికా, భయానికా? (ఒక ఉపాధ్యాయుడు, రాజమండ్రి)

జవాబు: మాస్టారూ, ఆ పిల్లాడికి నా తరఫున శభాష్ చెప్పండి, ముందు చూసి తర్వాత మీకు చెప్పాడు కదా, పద్ధతంటే అదే. అది గాలి కాదు, చెవి పని. తాళాలు ఒకదానికొకటి కొట్టుకున్నప్పుడు మనకి వినపడే గలగలతో పాటు మనకి వినపడని చాలా ఎక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వని కూడా వస్తుంది. గబ్బిలం వేటాడుతూ వేసే కేకలు కూడా ఆ కోవలోవే. పైన మొదటి జవాబులో చెప్పిన పొట్ట చెవులు సరిగ్గా దాని కోసమే. ఒక్కో చెవిలో ఉన్న జ్ఞానకణాలు నాలుగే నాలుగు, అయినా ఆ కేక వినగానే రెక్కలు ముడిచి రాయిలా కిందకి పడిపోతే గబ్బిలానికి దొరకదు. మీ వరండాలో పడినవి గుత్తిని గబ్బిలం అనుకున్నాయి.

మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. తేనెపట్టులో మైనం తినే గల్లేరియా అనే రెక్కల పురుగు, ఇది కూడా పైరాలిడే, 300 కిలోహెర్ట్జ్ దాకా వింటుందని 2013లో స్కాట్లాండ్‌లో స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు. తెలిసిన గబ్బిలం ఏదీ అంత పైకి అరవదు. తేనెటీగల పెట్టెలు పెట్టేవాళ్ళు తిట్టుకునే పురుగు అది, పట్టుని జల్లెడ చేసేస్తుంది, కానీ ఆ చెవి చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంకో మాట పిల్లలకి చెప్పండి. కత్తెర పురుగు ఇంటివాళ్ళకి చెవి ఛాతీ వెనక భాగంలో ఉంటుంది, వీటికి పొట్ట మొదట్లో. ఒక చోట పుట్టిన చెవి ఇంకో చోటికి జరగలేదు, గబ్బిలాల దెబ్బకి వేరు వేరు కుటుంబాల్లో విడివిడిగా, వేరు వేరు చోట్ల చెవులు పుట్టుకొచ్చాయి. అందుకే కుటుంబాలు విడగొట్టడానికి చెవి అంత గట్టి ఆధారమైంది.

మీ స్కూల్లో దీన్ని సరిగ్గా చేయించాలంటే ఖర్చేమీ లేదు. తెల్ల పంచె ఒకటి గోడకి కట్టి ముందు లైటు పెట్టండి, వరి పైరు రోజుల్లో మీ గోదావరి వైపు పురుగులకి కొదవుండదు. మొదట గుత్తి మామూలుగా ఊపమనండి, ఎన్ని పడ్డాయో రాయమనండి. తర్వాత అదే గుత్తిని మందపాటి గుడ్డలో చుట్టి అంతే దూరం నుంచి అంతే వేగంగా ఊపమనండి, గాలి అంతే వస్తుంది, ధ్వని రాదు. పడనివి కూడా రాయాలి, ఎందుకంటే పెంకు పురుగులూ దోమలూ చాలావరకు కదలవు, అది కూడా ఫలితమే. ఆ తర్వాత కింద పడిన వాటిలో ముక్కు ముందుకున్న దాన్ని ఒక్కటి మెల్లగా తీసి వెల్లకిలా పెట్టి, ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న సందు దగ్గర పది రెట్ల భూతద్దం పెట్టి ఆ పిల్లాడినే మొదట చూడమనండి.